సైకిలు నేర్చుకుందాం, పందెంలో తొక్కుదాం



ముందుగా ఒక లెక్క చేద్దాం. పలకా బలపం తీసుకోండి.

మనిషి నడిస్తే 5 కిలోమీటర్లకు సుమారు ఒక గంట పడుతుంది. అదే దూరం సైకిలు మీద నింపాదిగా పోయినా 20 నుంచి 25 నిమిషాలు చాలు. నడిచి పోయి రావాలంటే రెండు గంటలు. సైకిలు మీద అయితే ముప్పావు గంట. మిగిలింది ఎంత? గంటంబావు. రోజూ గంటంబావు మిగిలితే నెలకు ఎన్ని గంటలో మీరే లెక్క వేయండి.

మన సీతారామపురం వైపు ఊళ్లు దూరం దూరంగా ఉంటాయి. వెలిగొండల కింద మెట్ట నేల. బస్సు అన్ని పల్లెలకూ రాదు. వచ్చినా మన పనికి తగ్గట్టు రాదు. పొదుపు సంఘం డబ్బు బ్యాంకులో కట్టాలన్నా, బిడ్డకు జ్వరమొస్తే ఆసుపత్రికి పోవాలన్నా, చేలో పనికి పోవాలన్నా నడవాలి. లేదంటే ఎవరైనా తీసుకుపోవాలి.

"ఇప్పుడు ఇంటింటికీ మోటారు సైకిలు ఉంది గదా!" అంటారు. ఉంది. దాని తాళం చెవి ఎవరి జేబులో ఉంది? మొగోళ్ల జేబులో. "ఆయన వచ్చినాక పోదాంలే" అని మనం కూచుంటాం. ఆయన వచ్చేసరికి బ్యాంకు మూస్తారు.

సైకిలుకు పెట్రోలు పోయనక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదు. సైకిలు వచ్చినవాళ్లకు రేపు స్కూటరు నేర్చుకోవడమూ సులువే. మరి మనం ఎందుకు నేర్చుకోలేదు? కాళ్లలో బలం లేక కాదు. నలుగురూ చూస్తారని, నవ్వుతారని. ఆ సిగ్గును పోగొట్టిన ఆడవాళ్ల సంగతి ముందు చెప్పుకుందాం.

పుదుక్కోట్టై ఆడవాళ్లు

మన పక్క రాష్ట్రం తమిళనాడు. అక్కడ పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. మనలాగే కరువు సీమ. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. దాని పేరు అరివొళి ఇయక్కం. అంటే జ్ఞానపు వెలుగు ఉద్యమం. అప్పుడు ఆ జిల్లాకు కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆమె.

చదువు చెప్పే కార్యకర్తల్లో ఆడవాళ్లు చాలామంది. వాళ్లు లోపలి పల్లెలకు పోవాలి. బస్సులు లేవు. అందుకని వాళ్లకు సైకిలు నేర్పాలని ఆమె ఆలోచించింది. అక్షరాలతో పాటు సైకిలునూ ఉద్యమంలో చేర్చారు. సైకిలు కొనుక్కునేదానికి అప్పులు ఇప్పించారు.

మొదలుపెట్టింది కార్యకర్తలే. తరవాత ఊళ్లో ఆడవాళ్లంతా కదిలారు. కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, బడి పంతులమ్మలు, గడప దాటని ఇళ్ల ముస్లిం ఆడపిల్లలు, అందరూ వచ్చారు. నేర్చుకున్నవాళ్లే మళ్లీ పక్కవాళ్లకు నేర్పారు, అదీ ఊరికే. ఏడాదిన్నరలో లక్ష మందికి పైగా ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు.

1992 మార్చి 8న మహిళా దినం. ఆ రోజు పదిహేను వందల మందికి పైగా ఆడవాళ్లు హ్యాండిళ్లకు జెండాలు కట్టుకుని, బెల్లులు మోగిస్తూ పుదుక్కోట్టై వీధుల్లో సైకిళ్లు తొక్కారు. ఊరు ఊరంతా బయటికి వచ్చి చూసింది.

ఇంకొక సంగతి. ఆడవాళ్ల సైకిళ్లు సరిపోలేదు. అయితే ఏం? మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. మగవాళ్ల సైకిలే మేలు అన్నవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఉండే కడ్డీ మీద బిడ్డను కూచోబెట్టుకోవచ్చు. నీళ్ల బిందెలు కట్టుకుని పోయినవాళ్లు, పంట సరుకు అంగడికి తీసుకుపోయినవాళ్లు ఎందరో.

అక్కడ సైకిలు పోటీలు కూడా పెట్టారు. పదిమందిలో తొక్కి చూపించడం, పందెంలో పాల్గొనడం. అలా 70,000 మందికి పైగా ఆడవాళ్లు జనం ముందు తొక్కారు. ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఒక్క ఆడమనిషి సైకిలు తొక్కితే ఊళ్లో వింత. వంద మంది తొక్కితే అది వింత కాదు, మామూలే. ఇక నవ్వేదానికి ఎవరూ మిగలరు.

ఈ సంగతి మన జిల్లా ఆడవాళ్లకు కొత్త కాదు. కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1991, 92 సంవత్సరాల్లో అక్కడ చదువుకునేదానికి కూడిన ఆడవాళ్లే రోసమ్మ వెంట నిలబడి సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిలిచిపోయింది. ఒక్కరు అడిగితే తిట్లు తిన్నారు. ఊరంతా అడిగితే పని జరిగింది. సైకిలు విషయమూ ఇంతే. కలిసి నేర్చుకోవాలి.

సైకిలు ఎందుకు నిలబడుతుంది?

ఒక పొడుగాటి కర్రను అరచేతి మీద నిలువుగా నిలబెట్టి చూడండి. కర్ర కుడికి వాలితే చెయ్యి కుడికే జరుపుతాం. ఎడమకు వాలితే ఎడమకే జరుపుతాం. అప్పుడే కర్ర నిలుస్తుంది.

సైకిలూ అంతే. కుడికి పడబోతే హ్యాండిలు కుడికే కొద్దిగా తిప్పాలి. ఎడమకు పడబోతే ఎడమకే తిప్పాలి. కొత్తవాళ్లు భయపడి ఎదుటి వైపుకు తిప్పుతారు. అందుకే పడతారు. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. మరీ మెల్లగా పోతే సైకిలు ఊగుతుంది. కొంచెం వేగం ఉంటే నిలకడగా పోతుంది. చూపు చక్రం మీద పెట్టకూడదు. ముందున్న దారి మీద పెట్టాలి.

నేర్చుకునే వరుస

మొదట చదునైన నేల చూసుకోండి. బడి ఆట స్థలం గాని, పంట తీసేసిన కయ్య గట్టి నేల గాని మంచిది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సైకిలు తీసుకోండి.

1. సీటు కిందికి దించండి. సీటు మీద కూచుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి.

2. పెడళ్లు మొదట తొక్కవద్దు. వీలైతే సైకిలు షాపులో వాటిని విప్పించండి. సీటు మీద కూచుని, పాదాలతో నేలను తోస్తూ ముందుకు పోండి. కాసేపటికి రెండు కాళ్లూ పైకి ఎత్తి ఉంచండి. సైకిలు తనంతట తాను పది గజాలు పోతే మీకు నిలకడ వచ్చినట్టే.

3. బ్రేకులు నేర్చుకోండి. ఏ చేతి బ్రేకు ఏ చక్రాన్ని ఆపుతుందో చక్రం తిప్పి చూసుకోండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే వెనక చక్రం లేచి మనిషి ముందుకు పడే ప్రమాదం ఉంది. రెండూ కలిపి మెల్లగా పట్టాలి.

4. ఇప్పుడు పెడళ్లు పెట్టించండి. ఒక పెడలు పైకి ఉంచి, దాని మీద పాదం ఆనించి కిందికి గట్టిగా నొక్కండి. సైకిలు కదులుతుంది. రెండో పాదం రెండో పెడలు మీద పెట్టండి.

5. తొక్కడం వచ్చాక మలుపులు నేర్చుకోండి. తరవాత ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని రెండో చెయ్యి చాపి సైగ చేయడం. తరవాత వెనక్కి తిరిగి చూడడం. రోడ్డు మీదికి పోయే ముందు ఈ మూడూ రావాలి.

నిలకడ బాగా వచ్చాక సీటు పైకి ఎత్తుకోండి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు చాపినట్టు, మోకాలు కొద్దిగా మాత్రం వంగినట్టు ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి.

నేర్పేవాళ్లకు ఒక మాట. సైకిలు హ్యాండిలు మీరు పట్టుకోవద్దు. మీరు పట్టుకుంటే ఆమెకు నిలకడ తెలియదు. వెనక నుంచి సీటు పట్టుకుని పక్కనే నడవండి.

చీర, చైను, గాలి

చీర కట్టుకుని తొక్కవచ్చు. కొంగు నడుముకు బిగించి దోపుకోండి. కుచ్చెళ్లు కొంచెం పైకి కట్టండి. చైనుకు కవరు ఉండాలి. వెనక చక్రానికి చీర పడకుండా జాలీ కట్టించండి. వేగంగా తొక్కాలనుకున్న రోజు పంజాబీ డ్రెస్సు మేలు. చున్నీ మాత్రం వేలాడకూడదు.

బయలుదేరే ముందు నాలుగు చూడండి. గాలి, బ్రేకులు, చైను, బెల్లు. గాలి తక్కువగా ఉంటే రెట్టింపు శ్రమ. చైనుకు అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వేయండి. పంక్చరు వేయడం కూడా నేర్చుకోండి. ట్యూబులో గాలి కొట్టి నీళ్ల పళ్లెంలో ముంచితే బుడగలు వచ్చిన చోటే బెజ్జం ఉన్నట్టు. ఒకసారి చేసి చూస్తే వచ్చే పనే.

జనం అనే మాటలు

"సైకిలు తొక్కితే గర్భసంచి జారుతుంది, పిల్లలు పుట్టరు" అంటారు. ఇది నిజం కాదు. సైకిలు తొక్కడం వల్ల గర్భసంచికి హాని లేదు. నెత్తిన మోపులు, చంకన బిందెలు మోసేటప్పుడు ఈ మాట ఎవరూ అనరు చూడండి!

"బహిష్టు రోజుల్లో తొక్కకూడదు" అంటారు. ఒంట్లో బాగుంటే తొక్కవచ్చు. నొప్పిగా ఉంటే మానుకోవచ్చు. అది మీ ఇష్టం.

జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. కడుపుతో ఉన్నవాళ్లు పడిపోతే ప్రమాదం. కాన్పు అయిన కొత్తలో, ఆపరేషన్ చేయించుకున్న కొత్తలో తొందర పడకూడదు. వీళ్లంతా డాక్టరునో, ఏ.ఎన్.ఎం. అమ్మనో అడగాలి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లు, తొందరగా ఆయాసపడేవాళ్లు రక్తం పరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువగా ఉంటే ముందు దానికి మందు వాడాలి.

పందెం ఎందుకు?

"సైకిలు అయితే సరే, పందెం ఎందుకమ్మా?" అని ఇంట్లో అడుగుతారు. ఇది డబ్బు కాసే పందెం కాదు. ఆట.

మనం పరుగెత్తిన రోజులు ఎప్పుడో చిన్నప్పటివి. పెద్దమనిషి అయిననాటి నుంచి "మెల్లగా నడువు, తల వంచుకో" అన్నారు. పండక్కి కబడ్డీ ఆడేది మొగోళ్లు, ఎద్దుల బండలాగుడు చూసేది మొగోళ్లు. మనం వంటింట్లో గారెలు వండుతూ కూచుంటాం. పందెంలో తొక్కితే మన ఒంట్లో ఎంత సత్తువ ఉందో మనకు తెలుస్తుంది. ఊరికీ తెలుస్తుంది. మన ఆడబిడ్డలు గట్టు మీద నిలబడి చూస్తారు. రేపు వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

పందెంలో మనకు పనికివచ్చేవి మూడు రకాలు.

ఒకటి, నెమ్మది పందెం. ఇరవై మీటర్ల దూరం. కాలు నేల మీద పెట్టకుండా, పక్క గీత దాటకుండా అందరికంటే ఆఖరున చేరినవాళ్లు గెలిచినట్టు. మెల్లగా పోయేటప్పుడే నిలకడ కష్టం. అందుకని కొత్తవాళ్లకు ఇది మంచి పరీక్ష. పడినా దెబ్బ తగలదు.

రెండు, గడియారం పందెం. ఒక్కొక్కరే బయలుదేరతారు. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. పక్కన ఎవరూ ఉండరు గనక ఢీకొనే భయం లేదు.

మూడు, దారి పందెం. అందరూ ఒకేసారి బయలుదేరతారు. ముందు గీత దాటినవాళ్లు గెలుస్తారు. సైకిలు బాగా అదుపులోకి వచ్చాకే దీనికి దిగాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. ముందు పోయే మనిషి ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతుంది. వెనక వచ్చేవాళ్లకు గాలి దెబ్బ తగ్గుతుంది, శ్రమ తగ్గుతుంది. అందుకే పెద్ద పందేల్లో ఒకరి వెనక ఒకరు వరుసగా పోతారు, ముందుండే వంతు మార్చుకుంటారు. మీరు మాత్రం మొదట్లో ఒక సైకిలు పొడవు ఎడం వదలండి.

తయారు కావడం ఎలా?

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చాలు. తెల్లవారి చల్లని వేళ మంచిది. మొదటి నెల నింపాదిగా తొక్కండి. పక్కనున్న ఆమెతో మాట్లాడుతూ తొక్కగలిగితే ఆ వేగం సరైనది. మాట రాకుండా రొప్పుతుంటే తగ్గించండి.

రెండో నెల నుంచి వారంలో ఒక రోజు ఎక్కువ దూరం పోండి. ఇంకొక రోజు ఇలా చేయండి. ఒక నిమిషం గట్టిగా తొక్కాలి, రెండు నిమిషాలు మెల్లగా తొక్కాలి. ఇట్లా అయిదారు సార్లు. మూడో రోజు మామూలుగా తొక్కండి. మధ్య రోజుల్లో కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి.

మిట్ట ఎక్కలేకపోతే దిగి తోసుకుపోండి. తప్పేమీ లేదు. పల్లం దిగేటప్పుడు మాత్రం వేగం పెరగకముందే బ్రేకు పట్టాలి.

పరగడుపున గట్టిగా తొక్కవద్దు. ఒక అరటిపండో, రెండు వేరుశనగ ఉండలో తిని బయలుదేరండి. తిరిగి వచ్చి సజ్జ రొట్టో, రాగి సంకటో తినండి. ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

ఇప్పుడు మన చదువు పనికివచ్చే చోటు వచ్చింది. ఒక నోటుపుస్తకంలో మూడు గీతలు గీసుకోండి. తేదీ, దూరం, నిమిషాలు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చదివి దూరం రాయండి. గడియారం చూసి నిమిషాలు రాయండి. 4 కిలోమీటర్లకు 20 నిమిషాలు పట్టిందనుకోండి. గంటలో 20 నిమిషాలు మూడు సార్లు ఉంటాయి. 4ను 3తో హెచ్చిస్తే 12. అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం. నెల తరవాత అదే దారికి 16 నిమిషాలు పట్టితే గంటకు 15 కిలోమీటర్లు. మీరు ఎంత ముందుకు వచ్చారో ఎవరో చెప్పనక్కర్లేదు. మీ చేతిరాతే చెబుతుంది.

ఊళ్లో పందెం పెట్టే పద్ధతి

పదిమంది సైకిలు నేర్చుకుంటే చాలు, పందెం పెట్టుకోవచ్చు. పొదుపు సంఘం సమావేశంలో మాట్లాడి రోజు నిర్ణయించండి. పంచాయతీకి చెప్పండి. రోడ్డు మీద అయితే పోలీసు స్టేషనులో ముందుగా రాసి ఇవ్వండి. ఆ అర్జీ మీరే రాయండి.

పొద్దున్నే, బండ్లు తక్కువగా తిరిగే వేళ పెట్టండి. మలుపు మలుపుకూ ఒక మనిషిని నిలబెట్టండి. కుక్కలు, గొడ్లు అడ్డం రాకుండా చూడమనండి. నీళ్లు, దూది, కట్టు గుడ్డ దగ్గర ఉంచండి. ప్రతి సైకిలుకూ బ్రేకులు చూసి గానీ వదలవద్దు. వేగం పందెంలో తలకు హెల్మెట్ ఉండాలి. చిన్నవాళ్లకు, పెద్దవాళ్లకు వేరే వేరే పందేలు పెట్టండి. అత్తలకు ఒక పందెం, కోడళ్లకు ఒక పందెం పెడితే ఊరంతా వస్తుంది! ఆఖరున వచ్చిన ఆమె పేరు కూడా మైకులో చదవండి.

లోకంలో ఆడవాళ్ల పందేలు

ఇటలీ అనే దేశంలో అల్ఫోన్సినా స్ట్రాడా అనే ఆమె ఉండేది. వ్యవసాయ కూలీల బిడ్డ. 1924లో ఆ దేశంలోకెల్లా పెద్ద సైకిలు పందెంలో మగవాళ్లతో కలిసి దిగింది. మొత్తం దూరం మూడువేల ఆరువందల కిలోమీటర్లకు పైనే. వానలో, గాలిలో, రాళ్ల దారిలో ఒకరోజు ఆమె సైకిలు హ్యాండిలు విరిగింది. చీపురు కర్ర ముక్క కట్టుకుని తొక్కింది. ఆ రోజు గడువు దాటి చేరింది గనక ఆమెను లెక్కలోంచి తీసేశారు. అయినా ఆమె ఆగలేదు, చివరిదాకా తొక్కింది. బయలుదేరినవాళ్లు 90 మంది. చివరికి చేరినవాళ్లు 30 మందే.

ఒలింపిక్స్ ఆటల్లో మగవాళ్లకు సైకిలు పందేలు 1896లోనే మొదలయ్యాయి. ఆడవాళ్లకు 1984లో గాని పెట్టలేదు. ఎన్ని సంవత్సరాలు తేడా? తీసివేత చేసి చూడండి.

మన దేశానికి వద్దాం. డెబొరా హెరాల్డ్ అండమాన్ నికోబార్ దీవుల పిల్ల. 2004లో సునామీ వచ్చినప్పుడు చిన్నపిల్ల. ప్రాణాలతో బయటపడింది. పెద్దయి దేశం తరపున పందేలు తొక్కింది. ఆసియా కప్పు పోటీల్లో పతకాలు తెచ్చింది. భారత సైక్లింగ్ సమాఖ్య రోడ్డు మీద, గుండ్రటి ట్రాకు మీద, కొండ దారుల్లో జాతీయ పోటీలు నడుపుతుంది. ఆడవాళ్లకూ ఉంటాయి. మీ బిడ్డ బాగా తొక్కుతుంటే బడిలో వ్యాయామం సారును అడగండి.

ఆడపిల్లకు సైకిలు ఇస్తే చదువు ఎంత పెరుగుతుందో బీహారులో తెలిసింది. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కునేదానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. హైస్కూలులో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని పరిశీలించినవాళ్లు లెక్క తేల్చారు. బడి దూరమని మానిన పిల్లలు సైకిలెక్కి బడికి వచ్చారు.

కూడి మాట్లాడుకోండి

1. మన ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లకు సైకిలు వచ్చు? పేర్లు రాయండి.

2. ఎవరి ఇంట్లో సైకిలు ఊరికే పడి ఉంది? బాగు చేయించేదానికి ఎంత అవుతుంది?

3. మీ ఇంటి నుంచి బ్యాంకుకు, ఆసుపత్రికి, చేనుకు ఎంత దూరం? నడిస్తే ఎంతసేపు? సైకిలు మీద ఎంతసేపు?

4. నేర్చుకునేదానికి ఏ స్థలం మంచిది? ఏ పొద్దు వీలు?

5. మొదటి నెమ్మది పందెం ఏ రోజు పెడదాం? తేదీ రాసి గోడ మీద అంటించండి.